రాయి అలిసిపోతుందా?

"ఈసారైనా అందరికీ అర్థమయ్యేది రాయవయ్యా" అని సంపాదకులు ఉగాది సంచిక కోసం మరీ మరీ చెప్పారు. పోయినేడు ఈ శీర్షికలో నేను రాసిన పైపుల తుప్పు వ్యాసం మా ఆవిడ కూడా పూర్తిగా చదవలేదట. అందుకని ఇంట్లో జరిగిన సంగతే చెబుతాను.

2021 మే నెల. మేము ఖురంలో, నాన్నగారు కాకినాడలో. వెళితే తిరిగి రాలేని రోజులు. కోవిడ్ తగ్గాక కూడా ఆయనకి ఆక్సిజన్ కావలసివచ్చింది. తమ్ముడు ఎక్కడో ఓ పాత కాన్సెంట్రేటర్ అద్దెకి తెచ్చాడు. మూడోనాటి రాత్రి దాని పసుపు దీపం వెలిగింది. యంత్రం ఆడుతూనే ఉంది, గాలి వస్తూనే ఉంది, అందులో ఆక్సిజనే పలచబడింది. వేలికి పెట్టిన మీటరు 88 చూపిస్తోందని తమ్ముడు ఫోను. నేనిక్కడ బాల్కనీలో అటూ ఇటూ తిరగడం తప్ప చేసిందేమీ లేదు. తెల్లవారుజామున పక్కవీధి డాక్టరుగారు తన సిలిండరు ఇచ్చి గట్టెక్కించారు.

తేరుకున్నాక, ఫిజిక్సు మాస్టారుగా రిటైరైన నాన్నగారు అడిగిన మొదటి ప్రశ్న: "ఆ డబ్బాలో ఉన్నది రాయేగా? రాయి ఎందుకు అలిసిపోయిందిరా?"

ఆ రాయి జియోలైటు. స్వీడన్‌కి చెందిన క్రాన్‌స్టెడ్ 1756లో దాన్ని వేడి చేస్తే ఆవిరి చిమ్మిందట. అందుకే గ్రీకులో 'మరిగే రాయి' అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. స్ఫటికమే గాని లోపలంతా అణువులు మాత్రమే దూరగల బొరియలు. గాలిని ఒత్తి పంపితే నైట్రోజన్‌ని పట్టుకుని ఆక్సిజన్‌ని ముందుకి వదులుతుంది. ఒత్తిడి తీసేస్తే నైట్రోజన్‌ని విడిచిపెడుతుంది. కొన్ని సెకన్లకోసారి ఇదే చాకిరీ. అయితే దానికి నైట్రోజన్ కంటే నీటి మీద మోజెక్కువ. తేమ చేరితే బొరియలు నిండిపోతాయి. లేదా చట్రమే కూలిపోయి ఉండవచ్చు. ఏది జరిగిందో పైకి తెలియదు.

కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు వేలితో కొట్టి వినేవారు కదా, ఇక్కడా అదే ఉపాయం. పరారుణ కాంతిని పంపితే, ఒక్కో బంధం తాను ఊగే లయకి సరిపడే కాంతిని మింగేస్తుంది. సెంటీమీటరుకి 1640 తరంగాల దగ్గర మింగుడు కనిపిస్తే లోపల నీరున్నట్టు. ఎడిత్ ఫ్లానిగెన్ బృందం 1971లో జియోలైటు చట్రాల కంపనాలని వరస పెట్టి, బొరియల ముఖద్వారాల ఊగులాటకి 300-420 మధ్య జాగా చూపించింది. చట్రం కూలితే ఆ గీతలు చెరిగిపోతాయి.

ఇదంతా ఫోనులో చెబుతుంటే "ఇది మా వాల్తేరు విద్యరా!" అన్నారు నాన్నగారు. నిజమే. ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం గారు, రామన్ శిష్యులు, వెంకటరాయుడు గారితో కలిసి, సౌష్ఠవాన్ని బట్టి స్ఫటికం ఎన్ని తీరుల ఊగగలదో లెక్కకట్టే పుస్తకం రాశారు. 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తే అచ్చువేసింది. అంతకుముందే భీమసేనాచార్ గారితో కలిసి వజ్రం స్థితిస్థాపకత కొలిచారు. ఘన సౌష్ఠవమున్న స్ఫటికానికి మూడంకెలు చాలు.

2025లో కిటగావా, రాబ్సన్, యాఘీలకి రసాయన నోబెల్ వచ్చినప్పుడు ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. లోహాలనీ కర్బన అణువులనీ గుచ్చి అల్లిన బొరియల స్ఫటికాలు వాళ్ళవి. ఆ జాతిలో జిఫ్-8 అనేదానికీ ఘన సౌష్ఠవమే, దానికీ అవే మూడంకెలు. 2012లో కాంతి పరిక్షేపణంతో కొలిస్తే, పక్కకి తోసే బలానికి దాని గట్టితనం 1 గిగాపాస్కల్‌కి లోపే తేలింది. వజ్రానికది 570 పైచిలుకు! 2014లో దాని టెరాహెర్ట్జ్ కంపనాలు పరిశీలిస్తే తలుపులు తెరుచుకున్నట్టుండే ఊపులూ, పక్కకి ఒరిగే ఊపులూ బయటపడ్డాయి. ఎటు కూలగలదో ఆ నెమ్మది ఊపులే సూచిస్తాయన్నమాట. ఎడారి గాలిలోంచి నీరు పిండే పెట్టెలు ఈ స్ఫటికాలతోనే చేస్తున్నారు. మన మస్కట్ ఎండకీ ఉక్కకీ అవి ఏళ్ళ తరబడి నిలవాలంటే ముందు ఈ ఊపులు తెలియాలి.

గుళికల సంగతి చెప్పలేదు కదూ. దారులు తెరిచాక కాకినాడ వెళ్ళి, పారేయబోతున్న ఆ గుళికలు హార్లిక్సు సీసాలో తెచ్చుకున్నాను. అరచేతిలో పోసి నీళ్ళు చిలకరిస్తే చల్లగానే ఉన్నాయి. ఆరిన జియోలైటైతే చుర్రుమనాలి. మా ఆవిడ కేకుల ఓవెన్‌లో 250 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాను. (ఆ ఓవెన్‌లో ఆవిడ మళ్ళీ కేకు చేయలేదు.) మూత బిగించి చల్లార్చి మళ్ళీ నీళ్ళు చిలకరిస్తే చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"అయితే కూలిపోలేదురా, నీళ్ళు తాగిందంతే" అన్నారు నాన్నగారు. "ఎంత వేడెక్కింది?"

"కొలవలేదండీ."

"కొలిచి చెప్పు" అని ఫోను పెట్టేశారు.