మళ్ళీ ఇంటర్ చదువుతున్నా

సెమిస్టర్ మొదట్లో ఇంటికి ఫోన్ చేసి "ఈసారి ఇంటర్మీడియట్ మైక్రోఎకనామిక్స్ తీసుకున్నా" అని చెప్పాను. ఫోన్ స్పీకర్‌లో ఉన్నట్టుంది. వెనక నుంచి నానమ్మ, "అదేంట్రా, ఇంటర్ ఎప్పుడో అయిపోయిందిగా? ఏదైనా తప్పావా ఏంటి?" అంది. నేను నవ్వాను. అక్క మాత్రం ఫోన్ లాక్కుని, "ఎకనామిక్సా? నీకా? అది సీఈసీ వాళ్ళు చదివేది కదా" అంది.

ఆ మాట ఒకప్పుడు నాదే. దాని సంగతి తర్వాత చెప్తా.

ముందు నిజం ఒప్పుకోవాలి. ఈ సబ్జెక్ట్ నేను ఇష్టపడి తీసుకోలేదు. ఓపెన్ ఎలక్టివ్ లిస్టు తెరిచేసరికి ఈజీ అని పేరున్నవన్నీ నిండిపోయాయి. "థియరీయే మామా, ముందురోజు రాత్రి చదివితే చాలు" అని ఒక సీనియర్ భరోసా ఇచ్చాడు. మొదటి మిడ్‌లో నాకు వచ్చిన మార్కులు ఇక్కడ రాయను. థియరీ అనుకుని వెళ్ళినవాడికి మొదటి ప్రశ్నలోనే లాగ్రాంజ్ ఎదురయ్యాడు.

లాగ్రాంజ్ మనకి కొత్తవాడేం కాదు. ఎం-1లో అందరం చేశాం. ఒక కండిషన్ ఇస్తారు, లాంబ్డా పెడతాం, డెరివేటివ్‌లు సున్నాకి సమానం చేస్తాం, ఎక్స్, వై వచ్చేస్తాయి. లాంబ్డాని మాత్రం పక్కన పడేస్తాం. అది ఎందుకొచ్చిందో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. మైక్రోలో మొదటిసారి దానికి అర్థం ఉందని తెలిసింది.

క్యాంటీన్ లెక్క చూడండి. చేతిలో 200 రూపాయలు. టీ 10, పఫ్ 20. మన తృప్తిని టీల సంఖ్య ఇంటూ పఫ్‌ల సంఖ్య అనుకుందాం. లెక్క చేస్తే 10 టీలు, 5 పఫ్‌లు, తృప్తి 50 వస్తుంది. లాంబ్డా 0.5. అంటే చేతిలో ఇంకొక్క రూపాయి ఉంటే తృప్తి సుమారు అర పాయింట్ పెరుగుతుంది. 201తో మళ్ళీ చేసి చూశాను, 50.5 వచ్చింది. పరీక్షలో పారేసిన ఆ గుర్తు, ఇంకో రూపాయి ఉంటే ఏమవుతుందో చెప్తోంది. మాలాంటి ఇళ్ళలో ప్రతి నెలా చివరి వారం అడిగే ప్రశ్న అదే.

అప్పుడు మా సార్ ఇంకో పని చేశారు. అదే తృప్తిని స్క్వేర్ చేసి మళ్ళీ లెక్క వేయమన్నారు. అవే 10 టీలు, అవే 5 పఫ్‌లు. కానీ లాంబ్డా 0.5 నుంచి 50 అయిపోయింది. మనిషి ఎంచుకున్నది మారలేదు, అంకె మాత్రం వంద రెట్లయింది. ఎందుకంటే తృప్తికి కొలబద్ద లేదు. ఏది ఎక్కువ ఇష్టం, ఏది తక్కువ ఇష్టం అన్న వరస మాత్రమే ఉంది. కాబట్టి నా లాంబ్డాని నీ లాంబ్డాతో పోల్చి "నా రూపాయి నీ రూపాయికంటే విలువైనది" అనడానికి ఈ లెక్క ఒప్పుకోదు. ఆ క్లాసు నాకు బాగా గుర్తుండిపోయింది, ఎందుకంటే మా ఇంట్లో సరిగ్గా ఆ పోలికే జరిగింది.

అక్క నాకంటే మూడేళ్ళు పెద్ద. టెన్త్‌లో నాకంటే ఎక్కువ మార్కులు. ఎంపీసీ చదువుతానంది. నాన్న పురుగుమందుల షాపులో గుమాస్తా. కార్పొరేట్ కాలేజీ హాస్టల్ ఫీజు ఒకరికే కట్టగలం, వాడికి దాచాలి అని ఇంట్లో తేలింది. అక్క గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో, తెలుగు మీడియంలో, సీఈసీలో చేరింది. తర్వాత బీకామ్ చేసి, ఇప్పుడు ఒక మిల్లులో అకౌంట్స్ రాస్తోంది. "లెక్కలు రానివాళ్ళే సీఈసీ తీసుకుంటారు" అని పదమూడేళ్ళ వయసులో నేను ఆమె ముందే అన్నాను. ఎవరూ నన్ను తిట్టలేదు.

మొదటి మిడ్ తర్వాత సిగ్గు పక్కన పెట్టి ఆమెకే ఫోన్ చేశాను. "ఇండిఫరెన్స్ కర్వ్ అర్థం కావట్లేదక్కా" అంటే, "ఉదాసీనతా వక్రరేఖా?" అని రెండు నిమిషాల్లో చెప్పేసింది. మార్జినల్ అనే మాట నేను వందసార్లు రాశాను గానీ అదేంటో ఎప్పుడూ పట్టుకోలేదు. అక్క దాన్ని "ఉపాంతం" అంది. అంతానికి దగ్గర, అంచు. ఇప్పటిదాకా తిన్న ఇడ్లీలన్నీ కాదు, ఆఖరి ఇడ్లీ సంగతి చూడు అంది. ఎలాస్టిసిటీని "వ్యాకోచత్వం" అంటారట. ఆ పేరు విని భయపడ్డాను గానీ ఆమె చెప్పిన ఉదాహరణ మాత్రం మర్చిపోలేను. "మిర్చి రేటు సగానికి పడిందనుకో, మనింట్లో కూరలో రెండు స్పూన్లు కారం ఎక్కువ వేసుకుంటామా? వేసుకోం. అందుకే పంట బాగా పండిన ఏడు రైతు నవ్వడు." మా ప్రాంతంలో మిర్చి పంటని చిన్నప్పటినుంచి చూస్తున్నా. దిగుబడి పెరిగితే ఆదాయం ఎందుకు తగ్గుతుందో నాకు పందొమ్మిదో ఏట, ఫోన్‌లో, సీఈసీ అమ్మాయి చెప్పింది.

అవకాశ వ్యయం అంటే ఫీజు రసీదు మీద ఉండే అంకె ఒక్కటే కాదు. ఆ డబ్బుతో, ఆ కాలంతో చేయగలిగి కూడా వదులుకున్న వాటిలో మేలైనదాని విలువే అది. నా ఇంటర్ సీటు అవకాశ వ్యయం అక్క ఎంపీసీ. సీటు నాది, వదులుకున్నది ఆమె. టెక్స్ట్‌బుక్‌లో రెండు వైపులా ఒకే మనిషి ఉంటాడు. ఇళ్ళలో అలా ఉండదు.

దీనికి థియరీ ఏమంటుంది? పారెటో ఎఫిషియన్సీ అనే ఒక మాట ఉంది. ఒకరికి నష్టం చేయకుండా ఇంకొకరికి మేలు చేయలేని పరిస్థితి. వినడానికి బానే ఉంటుంది. కానీ 20 లడ్డూలుంటే 20 నాకే ఇచ్చినా, ఇంకా తినాలని నాకు ఆశ ఉన్నంతసేపు, అది కూడా పారెటో ఎఫిషియంటే. అది న్యాయమా కాదా అనేది వేరే ప్రశ్న. అమర్త్యసేన్ 1970లో సోషల్ ఛాయిస్ మీద రాసిన పుస్తకంలో ఈ విషయం గట్టిగానే పట్టుకున్నాడు. నాకు ఈ సబ్జెక్ట్‌లో నచ్చింది ఇదే. అది ఎక్కడిదాకా చెప్పగలదో చెప్పి ఆగిపోతుంది. మిగతాది మనం నిర్ణయించుకోవాలి. "అప్పుడు పరిస్థితులు అలా ఉన్నాయి" అని లెక్క మీద నెట్టేయడానికి వీల్లేదు. నిర్ణయించింది మనుషులే.

మన బ్రాంచ్‌లో చాలామంది "మనకెందుకు ఇది" అంటారు. ఈ సబ్జెక్ట్‌కి పేరున్న టెక్స్ట్‌బుక్ రాసిన హాల్ వేరియన్ తర్వాత గూగుల్‌లో చీఫ్ ఎకనామిస్ట్‌గా పనిచేశాడు. యాడ్ స్లాట్ల వేలం అంటే ఆల్గారిథమ్ ఒక్కటే కాదు, వేలం పాడేవాడు ఏం ఆలోచిస్తాడో కూడా తెలియాలి. ఇక సర్టిఫికెట్ల మీద సర్టిఫికెట్లు పోగేసే మనకి, చదువు పనితనాన్ని పెంచకపోయినా సిగ్నల్‌గా ఎలా పనిచేస్తుందో మైకేల్ స్పెన్స్ 1973లోనే చూపించాడు. రెజ్యూమే రాసే ముందు అది చదవడం మంచిది. అయితే నేను చదవమనేది వీటికోసమే కాదు. రేపు మనం రాసే కోడ్ ఎవరికి లోన్ ఇవ్వాలో, ఎవరి చార్జీ పెంచాలో నిర్ణయిస్తుంది. దేన్ని మ్యాగ్జిమైజ్ చేస్తున్నామో, ఎవరి తరఫున చేస్తున్నామో అడగడం ఏ కోడింగ్ టెస్టూ నేర్పదు.

పనిలోపనిగా కోర్సు మీద ఒక కంప్లైంట్. ఉదాహరణలన్నీ ఇంకా పిజ్జా, బీర్ దగ్గరే ఉన్నాయి. మిర్చి, ఆటో చార్జీ, హాస్టల్ మెస్ పెడితే సగం క్లాసు నిద్రపోదు. తెలుగు మీడియం సీఈసీ పుస్తకాల్లో ఉన్న మాటలు కూడా ఒక పేజీలో అచ్చేసి ఇస్తే, నాలాంటి ఇంగ్లీష్ మీడియం వాళ్ళకి ఎక్కువ ఉపయోగం.

అక్క ఈ ఏడాది ఐసెట్ రాస్తానంటోంది. ఇంట్లో మాత్రం పెళ్ళి మాటలు నడుస్తున్నాయి, డబ్బు రెండిట్లో ఒకదానికే ఉంది. పోయిన వారం నాన్నతో "ఈసారి ఎంపిక అక్కని చేయనిద్దాం నాన్నా, కావాలంటే నా లాప్‌టాప్ వచ్చే ఏడాది చూద్దాం" అన్నాను. ఆయన ఔననలేదు, కాదనలేదు. "చూద్దాంలే" అన్నారు. ఇంటికెళ్ళినప్పుడు మళ్ళీ అడుగుతా.

ఎలక్టివ్ రిజిస్ట్రేషన్ త్వరలో తెరుస్తారు. ఈజీ అని మాత్రం తీసుకోకండి, కాదు. లాగ్రాంజ్ ఒకసారి తిరగేయండి. మీ ఇంట్లో సీఈసీ చదివినవాళ్ళుంటే ముందే ఫోన్ చేసి మంచి చేసుకోండి.