అగ్నిపర్వతాల ఊపిరికి ఊరూ పేరూ

గత సంచికలో భూకంపాల గురించి చెప్పుకున్నాం. భూమి పైపొర అనేక పలకలుగా పగిలి ఉందనీ, కొన్నిచోట్ల సముద్రం అడుగునున్న పలక పక్క పలక కిందికి దూరుతుందనీ చూశాం. అలా దూరిన చోట అగ్నిపర్వతాలు విల్లులా వంగిన వరుసలో లేస్తాయి. జపాన్, ఇండొనేషియా, మధ్య అమెరికాలలో ఉన్నవి ఇలాంటివే.

కిందికి దిగే పలక వట్టి చేతులతో పోదు. సముద్రపు నీటినీ, గవ్వలూ గుల్లలూ పేరుకుని ఏర్పడిన సున్నపురాయినీ, చచ్చిన జీవుల అవశేషాలు కలిసిన ఒండ్రునూ మోసుకుపోతుంది. లోపలి వేడికి వాటిలోంచి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు, నత్రజని వెలువడతాయి. ఆ నీరు తగిలి పైనున్న రాయి కరుగుతుంది. కరిగిన రాయితో పాటు వాయువులూ అగ్నిపర్వతం నోటి గుండా బయటికి వస్తాయి.

భూమి మింగినదానిలో ఎంత తిరిగి ఇస్తోంది? ఎంత దాచుకుంటోంది? ఈ జమాఖర్చు మీదే మన బతుకు ఆధారపడి ఉంది. వానలు కొండరాళ్లను అరగదీసేటప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఖర్చవుతుంది. అది నదుల వెంట సముద్రం చేరి సున్నపురాయిగా మారుతుంది. తిరిగి రాకపోతే లక్షల సంవత్సరాల్లో భూమి గడ్డకట్టిపోతుంది. మరీ ఎక్కువగా వస్తే ఉడికిపోతుంది.

అయితే పొగను చూసి అది ఎక్కడి వాయువో ఎలా చెప్పడం? మన కుటుంబాలు తంజావూరులోనో, బరంపురంలోనో ఎన్ని తరాలుగా స్థిరపడినా, ఇంటిపేరు వినగానే పెద్దలు ‘మీది ఫలానా ఊరు కదూ’ అంటారు. వాయువులకూ అలాంటి ఇంటిపేర్లున్నాయి. ఒకే మూలకపు పరమాణువుల్లో కొన్ని తేలిక, కొన్ని బరువు. వీటినే ఐసోటోపులంటారు. రెండింటి నిష్పత్తి ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా ఉంటుంది.

ఇందులో పెద్ద సాక్షి హీలియం. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరు, మచిలీపట్నాల నుంచి పరిశీలించిన వారు సూర్యుని అంచున ఎగసే జ్వాలల కాంతిని పరీక్షించారు. ఆ కాంతిలో కనిపించిన పసుపు గీతే తర్వాత హీలియం జాడగా తేలింది. హీలియం-3 భూమి పుట్టినప్పుడు లోపల చిక్కుకుపోయినది. హీలియం-4 యురేనియం, థోరియం క్షీణించి పుట్టేది. గాలిలో సుమారు ఏడు లక్షల హీలియం-4 పరమాణువులకు ఒక్క హీలియం-3 ఉంటుంది. సముద్రం నడుమ, భూగర్భం నుంచి నేరుగా పైకి వచ్చే లావాలో ఈ నిష్పత్తి గాలిలోకంటే దాదాపు ఎనిమిది రెట్లు. విల్లు వరుస అగ్నిపర్వతాల్లో సాధారణంగా అయిదు నుంచి ఎనిమిది రెట్లు. అంటే వాటి హీలియం చాలావరకు భూగర్భానిదే.

ఇక దానితో మిగతా వాయువులను తూచవచ్చు. సముద్రం నడుమ లావాలో ఒక హీలియం-3 పరమాణువుకు సుమారు 200 కోట్ల బొగ్గుపులుసు వాయువు అణువులుంటాయి. విల్లు వరుసల్లో 1000 కోట్లు దాటడం మామూలే. ఈ అదనం ఎక్కడిది? కార్బన్-13 పాలు సున్నపురాయిలో ఎక్కువ, జీవుల అవశేషాల్లో తక్కువ. దాన్ని కొలిచి 1995లో సానో, మార్టీ అనే శాస్త్రవేత్తలు అందులో అధికభాగం సముద్రపు సున్నపురాయి, ఒండ్రుల నుంచే వస్తోందని చూపారు.

కొలత మాట అటుంచి, ఆ వాయువును పట్టడమే సాహసం. పొగ వచ్చే పగులులో గొట్టం దూర్చి, గాలి తీసేసి కాస్టిక్ సోడా ద్రావణం పోసిన గాజుబుడ్డిలోకి వాయువును పంపుతారు. బొగ్గుపులుసు వాయువు, గంధకపు వాయువులు ద్రావణంలో కలిసిపోతాయి. హీలియం, నత్రజని పైన మిగులుతాయి. 1993 జనవరి 14న కొలంబియాలోని గలేరాస్ అగ్నిపర్వతం, శాస్త్రవేత్తలు దాని నోటి దగ్గర ఉండగానే పేలింది. ఆరుగురు శాస్త్రవేత్తలు, చూడవచ్చిన ముగ్గురు మరణించారు. మనం ఇక్కడ తేలిగ్గా చదివే అంకెల వెనుక ఇంత కథ ఉంది.

ఒకే పలక దిగినా లెక్క అన్నిచోట్లా ఒకటి కాదు. మధ్య అమెరికాలో గ్వాటెమాలా అగ్నిపర్వతాల నత్రజని సముద్రపు ఒండ్రుదనీ, కోస్టారికాలోది భూగర్భానిదనీ 2002లో ఫిషర్ బృందం తేల్చింది. కోస్టారికా వద్ద ఒండ్రు అంత లోతుకు చేరడం లేదన్నమాట. అదే కోస్టారికాలో తీరానికీ అగ్నిపర్వతాలకూ మధ్యనున్న బుగ్గలను పరీక్షించి మరో బృందం 2019లో ఇంకో సంగతి బయటపెట్టింది. పలక నుంచి వెలువడిన కార్బన్‌లో చాలాభాగం అగ్నిపర్వతాల దాకా పోకుండా దారిలోనే సున్నపు ఖనిజంగా గడ్డకడుతోంది. కొంత సూక్ష్మజీవులు తింటున్నాయి. జమాఖర్చులో ఎవరూ రాయని పద్దు ఇది!

మన దేశంలో మండే ఒకే ఒక అగ్నిపర్వతం, అండమాన్ సముద్రంలోని బారెన్ ద్వీపం, కూడా ఈ జాతిదే. గంగా బ్రహ్మపుత్రల ఒండ్రు దట్టంగా పరుచుకున్న బంగాళాఖాతపు అడుగు అండమాన్ కిందికి దిగుతోంది. మన మహానది, గోదావరి, కావేరి కలిసేదీ ఆ ఖాతంలోనే.

చివరగా ఒక్క మాట. ప్రపంచంలోని అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏటా వదిలే బొగ్గుపులుసు వాయువు, మనుషులం వదిలేదానిలో సుమారు వందో వంతు. భూమి లక్షల ఏళ్లలో సర్దుకునే లెక్కను మనం రెండు మూడు తరాల్లో తారుమారు చేస్తున్నాం. అగ్నిపర్వతాల మీద నెపం వేసి తప్పించుకోలేం.

వచ్చే సంచికలో ఒడిశాలోని తప్తపాని, మహారాష్ట్రలోని వజ్రేశ్వరి వంటి వేడినీటి బుగ్గల సంగతి చెప్పుకుందాం.