స్లాబు వాళ్ళకి, రేకు మనకా?

అరకు లోయలో గడ్డికప్పు తీసి సిమెంటు రేకు వేసుకుంటే ఒక మెట్టు పైకెక్కినట్టు లెక్క. నిప్పు భయం తప్పింది, ఏటేటా గడ్డి కోసుకొచ్చే చాకిరీ తప్పింది. రేకు వేసుకున్న ఆదివాసీని తప్పుపట్టే నోరు మాకు లేదు. మా తగువు అమ్మేవాడితో, అమ్మనిచ్చే సర్కారుతో.

ఆ రేకులో ఉన్నది ఉత్త సిమెంటు కాదు, రాతినార. అదే ఆస్‌బెస్టాస్. రంపంతో కోసినా, బోల్టుకి బొక్క కొట్టినా, గాలివానకి పగిలినా కంటికి కనపడని పోగులు ఊపిరితిత్తుల్లో దిగబడి అక్కడే ఉండిపోతాయి. క్యాన్సరు ఇరవై, ముప్పై ఏళ్ళకి గానీ బయటపడదు. అప్పటికి అమ్మినవాడెక్కడ? కొండమీద మనిషి దగ్గుతుంటే టీబీ అని రాసి పంపేస్తే చావు లెక్క ఎవడు కడతాడు? ఎవరు చచ్చారో చూపించండని కంపెనీలు దబాయించేది ఈ లెక్క లేదనే ధీమాతోనే! 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ మన్యాన్ని ఊపేసింది. అలా పగిలిన ముక్కలే కోళ్ళగూటికి కప్పు, వాకిట బురదకి పరుపు, పిల్లలకి ఆటవస్తువు.

బ్రిటన్ 1999లో నిషేధించింది. ఆస్ట్రేలియా 2003 చివర్లో ఆపేసింది. కెనడా అయితే తన పార్లమెంటు భవనాల్లోంచి రాతినార పీకించుకుంటూనే మనకి అమ్మింది, 2018లో గానీ నిషేధం పెట్టుకోలేదు. తెల్లోడి ఊపిరితిత్తి ఒక రేటు, మనది ఒక రేటు! మన సర్కారు 1986లో కొత్త గనుల లీజులు ఆపింది, రష్యా సరుకుకి మాత్రం తలుపులు బార్లా తెరిచింది. తవ్వితే విషం, కొంటే కాదా? కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని 1995లో చెప్పిన సుప్రీంకోర్టే, నిషేధించమని వేసిన పిటిషన్ని 2011లో కొట్టేసింది.

పేదోడికి కప్పు ఎలాగంటారు. స్లాబు కింద పడుకునేవాళ్ళకి పేదోడు గుర్తొచ్చేది ఇలాంటప్పుడే. రాతినార లేని సిమెంటు రేకులు లేవా? పెంకులు లేవా?

కొండల్లో అమ్మకం మీద నిషేధం కొత్తమాట కాదు. గిరిజనేతరుడికి భూమి అమ్మకాన్ని 1970లోనే 1/70 చట్టం ఆపింది. భూమికి పనికొచ్చిన నిషేధం రేకుకి పనికిరాదా? ముందు సర్కారు సొమ్ముతో కట్టే ఇల్లూ, బడీ, అంగన్‌వాడీకి ఈ రేకు కొనడం మానాలి. తర్వాత తేదీ పెట్టి దుకాణాల్లో అమ్మకం ఆపాలి. ఇప్పటికే వేసుకున్న ఇంటిమీదికి ఆఫీసర్లు గునపాలతో రాకూడదు. దుమ్ము రేగేది ఆ ఇంట్లోనే. మార్చే ఖర్చు సర్కారూ కంపెనీలూ భరించాలి. ఆ ముక్కలెత్తే పనికి మళ్ళీ మాల మాదిగల్నీ, గదబ పోర్జల్నీ ఉత్తచేతుల్తో దింపితే ఊరుకోం.