చిన్న రింగే... డైవ్‌ ఆపేస్తుంది!

సొంత సామగ్రితో స్కూబా డైవింగ్‌కి అండమాన్‌ వెళ్లేవాళ్లు సూటూ కెమెరా గుర్తుపెట్టుకుని మరీ సర్దుకుంటారు. తీరా పడవ సముద్రంలోకి వెళ్లాక సరదా అంతా పాడుచేసేది ఓ చిన్న రబ్బరు ముక్క- ఓ-రింగ్‌! సిలిండర్‌లో గాలి దాదాపు 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది. అంటే కారు టైరులోకన్నా సుమారు 90 రెట్లు. వాల్వూ రెగ్యులేటరూ కలిసేచోట ఆ గాలిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచేది ఈ రింగే. అది చిట్లితే బుస్సుమంటూ గాలి పోతుంది, డైవ్‌ ఆగిపోతుంది.

అందుకే అనుభవమున్న డైవర్లు ‘సేవ్‌ ఎ డైవ్‌ కిట్‌’ పేరుతో ఓ డబ్బా వెంట ఉంచుకుంటారు. రకరకాల సైజుల ఓ-రింగులూ, మాస్కుకీ ఫిన్లకీ విడి పట్టీలూ, ఓ మౌత్‌పీసూ, దాన్ని బిగించే ప్లాస్టిక్‌ టై అందులో ఉంటాయి. ఆ టై తెగిందంటే మౌత్‌పీసు నోట్లోనే ఉంటుంది, రెగ్యులేటరు మాత్రం ఊడి పక్కకు పోతుంది మరి! విమానంలో టార్చికి వాడే విడి లిథియం బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి. కత్తి మాత్రం చెకిన్‌ లగేజీలో పెట్టాలి.

డబ్బా ఉంది కదా అని రెగ్యులేటరు లోపలి భాగాల్ని విప్పకూడదు. అది శిక్షణ పొందిన టెక్నీషియన్‌ పని. ఇక, పడవలో ఆక్సిజన్‌ కిట్‌ ఉందో లేదో ఎక్కేముందే అడగాలి, మొహమాటం అక్కర్లేదు. ఒత్తిడి తేడాలవల్ల వచ్చే డీకంప్రెషన్‌ సిక్‌నెస్‌కి ఒడ్డు చేరేలోగా అందించగల ముఖ్యమైన ప్రథమ చికిత్స అదే.