ఎవరును చూడని తప్పు

దేశాంతరమున ఏ తెలుగువాడు ఏ పదవి నలంకరించినను, ఏ పందెమును గెలిచినను, బందరు కోనేరు సెంటరులోను గుడివాడ కాఫీ హోటళ్లలోను "మనవాడే" యను మాట వెంటనే వినవచ్చుట పరిపాటి. హైదరాబాదునుండి వలసపోయిన కుటుంబమున, 1997లో కాలిఫోర్నియాలో జన్మించిన గోల్ఫ్ క్రీడాకారుడు సాహిత్ తీగలకు మన కృష్ణాతీరముతో సంబంధమేమియు లేకున్నను, ఇంటికొకరు అమెరికాలో నున్నారనదగిన యీ సీమవారు అతనిని తమవానిగా నెంచుకొనుటలో వింత లేదు.

ఆ యాటకు మాత్రము మన డెల్టాలో చోటు లేదు. వరిచేను కోయకమునుపే అందులో మినుము చల్లి, గట్టుమీద సైతము కంది నాటి, మిగిలిన పల్లమును రొయ్యల చెరువు చేసికొను రైతు, నూరెకరములకు పైబడిన నేలను గడ్డికి విడిచి అందులో బంతిని వెదకుకొనువారిని జూచి నవ్వకుండునా? నవ్వవచ్చును, ఆ నవ్వు న్యాయమే. నేను చెప్పదలచినది ఆటనుగూర్చి కాదు, ఆటగానినిగూర్చి.

పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయమున చదువుచు, 2020లో అమెరికా కళాశాల క్రీడాకారుల కిచ్చు హాస్కిన్స్, హోగన్, నిక్లాస్ పురస్కారములు మూడింటిని పొంది, ఆ యేడే వృత్తిలో ప్రవేశించిన యీ యువకుడు, 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ పోటీ చివరిదినమున అగ్రస్థానమున నుండియు, పదునేడవ గుంటకు కొట్టిన బంతి దొర్లి నీటిలో పడుటచే, ఒక్క దెబ్బ తేడాతో విజయావకాశమును గోల్పోయి కంటతడి పెట్టుకొనెను. 2023 సెప్టెంబరులో ఫార్టినెట్ పోటీలో గాని తొలి గెలుపు చేజిక్కలేదు. ఒక్క దెబ్బ వెల యెంతయో అతనికొకరు నేర్పనక్కరలేదు.

అట్టివాడు 2024 ఆగస్టు 31న, అట్లాంటా ఈస్ట్ లేక్ మైదానమున, టూర్ ఛాంపియన్‌షిప్ మూడవనాటి ఆటలో, మూడవ గుంటకు పోవుచు ఇసుక గుంటలో చిక్కెను. కొట్టుటకై కర్రను వెనుక కెత్తునప్పుడు అది ఇసుకను తాకరాదు. తాకినచో రెండు దెబ్బలు అదనముగా లెక్కకెక్కును. కర్ర ఇంచుక ఇసుకను కదల్చినట్లు అతనికి తోచినది. తోడియాటగానికిని, పిదప నిబంధనలు చూచు అధికారికిని తానే ఆ మాట చెప్పి శిక్షను తలదాల్చెను. పోటీ ముగియునప్పటికి రెండవవానికన్న సరిగా రెండు దెబ్బలు వెనుకబడి, మూడవ స్థానమున నిలిచి 75 లక్షల డాలర్లు పొందెను. ఆ రెండును లేకున్నచో రెండవ స్థానమును పంచుకొని కోటి డాలర్లు గొనిపోయెడివాడు.

కాలువ చివరి భూములను నమ్ముకొన్న నాగాయలంక, కోడూరు రైతులకు, ఎవరును చూడనిచోటి యీ నిజాయితీ మహిమ వివరింపనక్కరలేదు. రాత్రివేళ కాలువ కావలి లస్కరు లేని సమయమున ఎగువవాడు తూము తలుపును రెండంగుళములు ఎత్తినచో చూచువారుండరు. శివారు నారుమడి మాత్రము ఎండును.

కోట్లున్నవానికి నిజాయితీ సులభమేగదా యని కొందరందురు. కోట్లున్నవారందరు ఇట్లే నడచుకొనుచున్నచో ఆ వాదమును నేనును ఒప్పుకొందును. నా అనుమానము వేరొకటి: "మనవాడే" యని మురియుచున్న మనలో నెందరము, పదునాలుగేండ్లలోపు పిల్లల పోటీలకు మన కుమారుని వయస్సు రెండేండ్లు తగ్గించి వ్రాయించుటకు జంకుచున్నాము? ఆ పత్రమును తెచ్చు తండ్రి, దానిని ఎరిగియు ఎరుగనట్లుండు శిక్షకుడు, బహుమతినాడు పటము వేయు పత్రిక, ముగ్గురును ఆ పనిలో భాగస్వాములే. కావున పత్రికా రచనలోనున్న మా వృత్తివారికే నా విన్నపము: రాబోవు జిల్లా ఎంపికలలో ఏ పిల్లవాడైనను తన అసలు వయస్సు చెప్పి వరుసనుండి ప్రక్కకు జరిగినచో, గెలిచినవాని పేరు ప్రక్కనే, అంతే పెద్ద అక్షరములతో, వాని పేరును ముద్రింపుడు.