ధర ప్లేటుకా, రొయ్యకా?

2015 అక్టోబరు మొదటి వారం. చైనాలో జాతీయ దినోత్సవ సెలవులు. తూర్పు తీరంలోని చింగ్‌దావో నగరానికి జనం పోటెత్తారు. ఓడరేవు, నౌకాదళ స్థావరం, ఇసుక తీరం, చేపల వంటలు... మన విశాఖకు ఉన్నవన్నీ ఆ ఊరికీ ఉన్నాయి. అక్కడ ఓ చిన్న హోటల్లో ఒక పర్యాటకుడు మెనూలో 38 యువాన్లు అని చూసి రొయ్యలు తెప్పించుకున్నాడు. ప్లేటు ధర అనుకున్నాడు. తిన్నాక వచ్చిన బిల్లులో రొయ్యలకే 1,520 యువాన్లు! ఆ 38 ప్లేటుకు కాదు, ఒక్కో రొయ్యకు. ప్లేట్లో ఉన్నవి 40. అప్పటి మారకంలో మన డబ్బు 15 వేల రూపాయల పైమాటే.

పోలీసులు వచ్చి, ధరల తగాదా మా పరిధిలోది కాదన్నారు. ధరల నియంత్రణ కార్యాలయానికి ఫోన్ చేస్తే, సెలవు కదా, రేపు చూద్దామన్నారు. ఆ కథ చూస్తుండగానే దేశమంతా పాకింది. తర్వాత హోటలుకు 90,000 యువాన్ల జరిమానా పడింది. స్థానిక ధరల కార్యాలయం అధిపతి సస్పెండయ్యాడు. అతిథులను ఆదరించే నేల మాది అంటూ ఆ షాన్‌డాంగ్ రాష్ట్రం ఏళ్ల తరబడి టీవీల్లో ఇచ్చుకున్న ప్రకటనలు ఒక్క ప్లేటు రొయ్యలతో వెలవెలబోయాయి.

అదే షాన్‌డాంగ్‌లో జిబో అని మరో ఊరుంది. సముద్రం లేదు. పెట్రో రసాయనాలు, పింగాణీ ఫ్యాక్టరీల ఊరు. అక్కడి తిండి విధానం ఇది: ప్రతి బల్ల మీదా చిన్న బొగ్గుల కుంపటి ఉంటుంది. సగం కాలిన మాంసం ముక్కలను ఊచలకు గుచ్చి తెచ్చి ఇస్తారు, మిగతా సగం మనమే కాల్చుకోవాలి. పలచటి రొట్టెలో ఉల్లికాడ పెట్టి, దానితోనే ముక్కలను గట్టిగా పట్టుకుని ఊచను లాగేస్తే మాంసం రొట్టెలో ఉండిపోతుంది.

2023 వసంతంలో కాలేజీ కుర్రాళ్లతో అక్కడ రద్దీ మొదలైంది. ఏప్రిల్‌లో ఒక వీడియో బ్లాగర్ సొంత కాటా పట్టుకుని ఆ ఊరి మార్కెట్లో 10 దుకాణాలు తిరిగి, కొన్నవన్నీ తూచి చూపించాడు. ఒక్కచోట కూడా తూకం తగ్గలేదు. ఆ వీడియోను కోట్లమంది చూశారు. నగర పాలకులు తిండి వీధులకు 21 బస్సు మార్గాలు వేశారు. జినాన్ నగరం నుంచి ప్రత్యేక రైళ్లు నడిచాయి. పేరున్న తీరనగరం పోగొట్టుకున్న నమ్మకాన్ని ఫ్యాక్టరీల ఊరు తెచ్చుకుంది.

రెండు ఊళ్ల మధ్య తేడా రుచిలో లేదు. కొత్త రుచి నచ్చకపోతే అతిథి నవ్వి ఊరుకుంటాడు, భాష రాకపోతే సర్దుకుంటాడు. మోసపోయానన్న బాధ మాత్రం మరిచిపోడు.

పరాయి దేశం నుంచి వచ్చినవాడికి మోసపోననే నమ్మకం మరీ ముఖ్యం. వైద్యవిద్య కోసం చైనా వెళ్లిన తెలుగు విద్యార్థులు వేలమంది. అక్షరం ముక్క అర్థం కాని తొలినాళ్లలో అలాంటివాళ్లను ఆదుకునేవి మెనూలో, గోడమీద ఉండే బొమ్మలు. తీరప్రాంత హోటళ్లలో అయితే నీళ్ల తొట్లు వరసగా ఉంటాయి. మనం వేలుపెట్టి చూపించిన చేపను వలతో పట్టి, కాటా మీద పెట్టి, బరువు చూపించి, ఆ తర్వాతే వంటింటికి పంపుతారు. మాట అక్కర్లేదు, కళ్లుంటే చాలు. ఒక్కటి గుర్తుంచుకోవాలి: అక్కడ ధర సాధారణంగా కిలోకు కాదు, 500 గ్రాములకు. శాకాహారులకైతే బొమ్మ కూడా చాలదు. బీన్స్ వేపుడులోనూ పంది మాంసం కీమా కలపడం మామూలే కాబట్టి, ఏమేం తినరో చైనీస్‌లో రాయించుకుని వెళ్లి చూపించడం మేలు.

ఇక మన విశాఖ సంగతి. ఫిషింగ్ హార్బర్‌లో పొద్దున్నే గంపల ముందు నిలబడి “వంజరం ఎంతప్పా?” అని అడిగి, బేరమాడి, కళ్లముందున్న చేపనే తెచ్చుకుంటాం. అదే చేప హోటలుకు చేరాక మెనూలో ధర ఉండాల్సిన చోట ‘సైజును బట్టి’ అన్న మాట కనిపిస్తుంది. సైజు ఎంతో, ఎవరు తూచారో కొనేవాడికి తెలియదు. ఊరివాళ్లం కాబట్టి మనం గట్టిగా అడుగుతాం. బెంగాల్ నుంచి, ఒడిశా నుంచి పిల్లాపాపలతో బీచ్‌కి వచ్చిన కుటుంబం అడగలేదు. ఓడ దిగిన విదేశీ నావికుడు అసలే అడగలేడు.

విశాఖకు అతిథులు కొత్త కాదు. 1933లో రేవు మొదలైనప్పటి నుంచి నావికులు వస్తూనే ఉన్నారు. ఉక్కు కర్మాగారం కడుతున్నప్పుడు సోవియట్ నిపుణులు ఇక్కడ కాపురాలున్నారు. 2016లో అంతర్జాతీయ నౌకాదళ సమీక్షకు సుమారు 50 దేశాలవాళ్లు వచ్చారు. 2023 మార్చిలో, జిబోలో కుంపట్ల ముందు జనం క్యూ కడుతున్న రోజుల్లోనే, ఇక్కడ జీ-20 సమావేశం జరిగింది. ప్రతినిధుల కోసం రోడ్లకూ గోడలకూ రంగులు వేశాం. ఆ శ్రద్ధలో కొంత మెనూ కార్డు మీద పెడితే చాలు, ఊరి పేరు నిలబడుతుంది.

అందుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ధర పక్కన ఎన్ని గ్రాములకో, ఎన్ని ముక్కలకో రాయాలి. సైజును బట్టి అమ్మే చేపను వండకముందే బల్ల దగ్గరకు తెచ్చి, తూచి, మొత్తం ఎంతో కాగితం మీద రాసి చూపాలి. ప్రతి వంటకానికీ బొమ్మ, కారం ఎంతో తెలిపే గుర్తు ఉండాలి. పండగ సెలవుల్లో, శని ఆదివారాల రాత్రుల్లో తూనికలు కొలతల శాఖ నుంచి ఒకరైనా బీచ్ రోడ్డు మీద అందుబాటులో ఉండాలి. చింగ్‌దావోలో పరువు తీసింది హోటలువాడి అత్యాశ ఒక్కటే కాదు, “రేపు చూద్దాం” అన్న ఆఫీసు జవాబు కూడా.

హోటల్ యజమానులారా, మీ మెనూను ఇవాళే ఒకసారి అతిథి కళ్లతో చదవండి. భోజనానికి వెళ్లే మిత్రులారా, ఆర్డరిచ్చే ముందు “ఇది ఎంతకు?” అని అడగండి, పక్క బల్ల దగ్గర కొత్తవాళ్లు తడబడుతుంటే వాళ్ల తరఫునా అడగండి. అన్యాయం జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉంది. ఆ నంబరును పక్క బల్లవాళ్లకూ చెప్పండి.