బొమ్మల ప్రశ్నలు బడిలోనే నేర్పాలి!
ఉప్పలగుప్తం మండల తల్లిదండ్రులకు విజ్ఞప్తి



మొన్నటి నవోదయ ప్రవేశ పరీక్ష రాసి బయటికొచ్చిన మన మండలం పిల్లల్లో ఒక అమ్మాయి సెంటరు గేటు దగ్గరే కూలబడి ఏడ్చింది. తండ్రి కొబ్బరి దింపు కార్మికుడు, తల్లి పీచు మిల్లులో కూలి. ఐదో తరగతి లెక్కల్లో ఆ పిల్లకు ఎదురు లేదు. తెలుగు పేరా ఇస్తే గుక్క తిప్పుకోకుండా చదువుతుంది. కాని ప్రశ్నపత్రం తెరవగానే కనిపించినవి అక్షరాలూ కావు, అంకెలూ కావు. గళ్లలో వృత్తాలు, త్రిభుజాలు, సగం నలుపు చేసిన చతురస్రాలు. అలాంటివి అంతకుముందు ఆ పిల్ల కళ్లబడనే లేదు. వాటితో కుస్తీ పడుతుండగానే టైమంతా కరిగిపోయింది. తనకు కొట్టిన పిండి అయిన లెక్కల దగ్గరకు వచ్చేసరికి బెల్లు కొట్టేశారు.

వారం తిరక్కుండానే ఆ తండ్రి, కొడుకు సంగతైనా ముందే చూసుకుందామని టౌనులో ఒక కోచింగ్ సెంటరుకు వెళ్లాడు. ఫీజు విని నోట మాట రాలేదు. పోనీ పాత పుస్తకమైనా ఒకటి ఇప్పించండి బాబూ అని అడిగాడు. అక్కడ కూర్చున్నాయన అన్న మాట ఇది: “ఇవి మీ బళ్లల్లో చెప్పరు. చెబితే మేమెందుకు?”

ఆ మాటకు మన మండలం ఇవ్వాల్సిన జవాబే ఈ కరపత్రం.

సగం పరీక్ష బొమ్మలే

నవోదయ ఆరో తరగతి పరీక్షలో మొత్తం 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అందులో 40 ప్రశ్నలు, 50 మార్కులు మెంటల్ ఎబిలిటీవి. ఆ 40 ప్రశ్నల్లో చదవాల్సిన పాఠం లేదు, అన్నీ బొమ్మలే. మొత్తం పది భాగాలు: వేరుగా ఉన్న బొమ్మ, సరిగ్గా సరిపోయే బొమ్మ, గడిలో ఖాళీ పూరించడం, బొమ్మల వరుస, బొమ్మల పోలిక, సగం ఆకారం పూర్తి చేయడం, అద్దంలో బొమ్మ, మడత కాగితానికి చిల్లు, ముక్కలు కలపడం, దాగిన బొమ్మ. ఒక్కో భాగంలో నాలుగేసి ప్రశ్నలు. లెక్కలకు 25 మార్కులు, భాషకు 25 మార్కులు. అంటే బడిలో ఐదేళ్లు చెప్పిన రెండు సబ్జెక్టులూ కలిపి సగం, బడిలో ఒక్క రోజూ చెప్పనిది సగం!

ఈ పరీక్ష జన్మలో ఒక్కసారే. రెండోసారి రాయనివ్వరు. ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాకు ఇచ్చిన నవోదయ పెద్దాపురంలో ఉంది. ఆరో తరగతిలో మహా అయితే 80 సీట్లు. ఆ సీటు వస్తే పన్నెండో తరగతి దాకా తిండి, బట్ట, చదువు, వసతి అన్నీ చూసుకుంటారు. కూలి చేసుకునే ఇంటికి ఆ సీటు విలువ ఏమిటో మీకు చెప్పక్కర్లేదు.

నవోదయ ఒక్కటే కాదు. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షలో 180 మార్కులుంటే 90 మెంటల్ ఎబిలిటీవే. నెగ్గిన పిల్లకు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు, నాలుగేళ్లకు 48,000. సైనిక్ స్కూలు ఆరో తరగతి పరీక్షలో ఇంటెలిజెన్స్ పేరుతో మరో 50 మార్కులు. గుమ్మం ఏదైనా ముందుగా అడిగేది ఈ బొమ్మల గళ్లే.

ఇందులో బ్రహ్మవిద్య ఏముంది?

మూడు వరుసలు, మూడు నిలువులు, తొమ్మిది గళ్లు. మొదటి వరుసలో వృత్తం, చతురస్రం, త్రిభుజం. రెండో వరుసలో చతురస్రం, త్రిభుజం, వృత్తం. మూడో వరుసలో త్రిభుజం, వృత్తం, ఆ తర్వాత ఖాళీ గడి. మొదటి నిలువులో బొమ్మలన్నీ ఖాళీగా ఉన్నాయి, రెండో నిలువులో లోపల గీతలున్నాయి, మూడో నిలువులో నల్లగా నింపి ఉన్నాయి. ఖాళీ గడిలో ఏముండాలి?

అడ్డంగా చూస్తే ప్రతి వరుసలో మూడు ఆకారాలూ ఒక్కోసారి వస్తున్నాయి. కాబట్టి మిగిలింది చతురస్రం. నిలువుగా చూస్తే మూడో నిలువంతా నలుపు. కాబట్టి నల్ల చతురస్రం. అడ్డం మాత్రమే చూసే పిల్ల కోసం జవాబుల్లో గీతల చతురస్రం పెడతారు. నిలువు మాత్రమే చూసే పిల్ల కోసం నల్ల త్రిభుజం పెడతారు. రెండు వైపులా చూడటం అలవాటైన పిల్ల ఆ రెంటినీ పక్కకు నెట్టి అర నిమిషంలో జవాబు దిద్దేస్తుంది. అలవాటు లేని పిల్ల ఐదు నిమిషాలు చూసి గుడ్డిగా ఒకటి దిద్దుతుంది. ఈ పిల్లలిద్దరికీ తేడా తెలివిలో లేదు, ఒక పిల్లకు దారి చూపించారు, ఇంకో పిల్లకు చూపించలేదు.

మడత కాగితం ప్రశ్నకు పుస్తకం కూడా అక్కర్లేదు. చతురస్రంగా కత్తిరించిన కాగితాన్ని సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచి, పెన్నుతో ఒక చిల్లు పొడవండి. విప్పితే నాలుగు చిల్లులు. మడత మూల దగ్గర పొడిస్తే నాలుగూ కాగితం నడుమ చేరతాయి, విడిగా ఉన్న మూల దగ్గర పొడిస్తే నాలుగు మూలలకూ పోతాయి. పాత నోటు పుస్తకంలో రెండు కాగితాలు చింపితే తరగతి మొత్తానికి పాఠం అయిపోతుంది. దీనికా వేలకు వేలు ఫీజు?

పుట్టుకతో వచ్చే తెలివి అన్నది కట్టుకథ

ఇలాంటి గళ్ల పరీక్షను 1938లో ప్రచురించినవాడు ఇంగ్లండులో జాన్ రేవెన్. భాష రాకపోయినా, పెద్దగా చదువుకోకపోయినా మనిషి ఆలోచన తెలుసుకోవచ్చన్నది ఉద్దేశం. మన దేశంలో నవోదయలు వచ్చింది 1986 జాతీయ విద్యావిధానంతో. వాటి సీట్లలో 75 శాతం పల్లెటూరి పిల్లలవి. బొమ్మకు ఇంగ్లీషు అక్కర్లేదు, ట్యూషను అక్కర్లేదు, కాబట్టి పల్లె పిల్లకూ పట్నం పిల్లకూ పోటీ సమానం అనుకున్నారు. ఆ బొమ్మలనే సరుకు చేసి అంగట్లో పెట్టాక ఆ సమానత్వం ఎక్కడ మిగిలింది?

“అది పుట్టుకతో రావాలి, నేర్పితే వచ్చేది కాదు” అనే పెద్దమనుషులు ఒక్క సంగతి వినాలి. నెదర్లాండ్స్‌లో సైన్యానికి పిలిచిన కుర్రాళ్లకు ఈ రేవెన్ పరీక్షే పెట్టేవారు. 1952 నాటి కుర్రాళ్ల కంటే 1982 నాటి కుర్రాళ్లు ఐక్యూ లెక్కన దాదాపు 20 పాయింట్లు ఎక్కువ సాధించారని జేమ్స్ ఫ్లిన్ అనే పరిశోధకుడు 1987లో చూపించాడు. ముప్పై ఏళ్లలో ఒక దేశం నెత్తురు మారిపోదు. మారింది బడి, బతుకు, చూసే అలవాటు.

ఆ అలవాటు మన ఇళ్లలో లేదా? నెలగంట పెట్టింది మొదలు సంక్రాంతి దాకా మన ఆడపిల్లలు వాకిట్లో వేసేది ఏమిటి? నడుమ 15 చుక్కలు, అటూ ఇటూ ఒక్కొక్కటి తగ్గిస్తూ 8 దాకా, సందు చుక్క. మొత్తం 169 చుక్కలు. ఒక్క చుక్క తప్పితే మెలిక కలవదు. ఒక మూల గీసింది మిగతా మూలల్లో ఎటు తిరగాలో కాగితం చూడకుండా గీసేస్తారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ అనే శాస్త్రజ్ఞులు ఇలాంటి ముగ్గుల మీదే 1974లో కంప్యూటర్ శాస్త్ర పరిశోధన ప్రచురించారు. వాకిట్లో ఇంత పని చేసే పిల్ల పరీక్ష హాల్లో బొమ్మ చూసి బెదిరిందంటే తప్పు పిల్లది కాదు. నీ చేతిలో ఉన్నదే ఇక్కడ అడుగుతున్నారమ్మా అని ఆ పిల్లకు ఒక్కరూ చెప్పలేదు.

మన అమాయకత్వమే వాళ్ల పెట్టుబడి

ఇక మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. ఈ పరీక్షకు దరఖాస్తు ఫీజు లేదు. పది భాగాలకూ నమూనా ప్రశ్నలు నవోదయ సమితి వాళ్లు ప్రాస్పెక్టస్‌లోనే ఊరికే ఇస్తున్నారు. ఆ కాగితాలనే జిరాక్సు తీసి, రంగు అట్ట వేసి, ‘సీక్రెట్ మెటీరియల్’ అని మనకే అమ్ముతున్నారు. అప్పు చేసి కొంటున్నది ఎవరు? రొయ్యల చెరువు మీద కాపలా కాసేవాడు. వరి కోతకు వెళ్లే తల్లి. పుస్తెలు తాకట్టు పెట్టిన ఇళ్లు కూడా ఉన్నాయి. సీటు వస్తే ఫ్లెక్సీ వాళ్లది, రాకపోతే “మీ వాడికి బుర్ర లేదండి” అన్న మాట మనది. పదేళ్ల పిల్లవాడి చెవిలో ఆ మాట పడితే జన్మంతా వదలదు. డబ్బు పోవడం కంటే అదే పెద్ద దోపిడీ.

మన బళ్లు ఏం చేస్తున్నాయి? “సిలబస్‌లో లేదు” అంటున్నాయి. సిలబస్‌లో లేకపోవడమేమిటి? ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి గణితం పుస్తకం ‘గణిత ప్రకాశ్’ మొదటి పాఠమే నమూనాల మీద. గోదావరి కాలువల శివారు చేలకు నీళ్లు ఎప్పుడూ ఆఖరునే వస్తాయి, ఒక్కోసారి అసలు రావు. చదువు కూడా మనకు శివారు నీరే కావాలా? ఒప్పుకోం.

టీచర్లకు తీరిక లేదంటారా? వారానికి ఒక్క గంట. శనివారం నో బ్యాగ్ డే అంటున్నారు కదా, ఆ గంట అక్కడే ఉంది. చదవడమే సరిగా రానివాళ్లకు బొమ్మలెందుకంటారా? అక్షరం దగ్గర వెనకబడిన పిల్లవాడు బొమ్మ దగ్గర ముందుకొస్తే వాడికి బడి మీద ప్రేమ పుడుతుంది. చిన్న పిల్లలకు ప్రవేశ పరీక్షే తప్పంటారా? ఆ చర్చ ఢిల్లీలో చేయండి. పరీక్ష ఉన్నన్నాళ్లూ మా పిల్లలు ఓడిపోవడానికి మేం సిద్ధంగా లేం.

మన డిమాండ్లు

1. మండలంలోని ప్రతి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి నుంచి వారానికి ఒక గంట బొమ్మల ప్రశ్నలు చేయించాలి. పరీక్ష ముందు నెలలో హడావుడి పనికిరాదు.

2. నవోదయ, ఎన్ఎంఎంఎస్ పాత ప్రశ్నపత్రాలు, నమూనా ప్రశ్నలు ప్రతి బడిలో, ప్రతి పంచాయతీ ఆఫీసులో ఎవరైనా చూసుకునేలా ఉంచాలి.

3. ప్రతి బడి వరండాలో తొమ్మిది గళ్ల చట్రం గీసి, రోజుకో ప్రశ్న వేయాలి. సుద్దముక్క ఉంటే చాలు.

4. ఊళ్లో రిటైరైన మాస్టార్లు, అమలాపురంలో డిగ్రీ చదువుతున్న మన పిల్లలు నెలకు ఒక ఆదివారం ఇవ్వాలి. నవోదయలో చదివి వచ్చినవాళ్లు ముందు నిలబడాలి.

ఇవి అడుక్కోవాల్సినవి కావు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. అంటే బడి కమిటీ మనదే. సంతకం పెట్టమన్న చోట పెట్టి టీ తాగి వచ్చేయడం ఇక చాలు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతు నాట్లు మానేసి పంట విరామం ప్రకటిస్తే దేశమంతా ఇటు తిరిగి చూసింది. వరి కోసం అంత చేసినవాళ్లం, పిల్లల కోసం వారానికి ఒక గంట తెచ్చుకోలేమా?

వచ్చే కమిటీ సమావేశానికి తండ్రితో పాటు తల్లీ వెళ్లాలి. పై నాలుగు డిమాండ్లు తీర్మానం పుస్తకంలో రాయించి, చదివి, సంతకం పెట్టండి. ఆ కాపీ మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి ఇచ్చి రసీదు తీసుకోండి. ముందొచ్చే గ్రామసభలో ఇదే తీర్మానం పెట్టించండి. గొల్లవిల్లి, చల్లపల్లి, భీమనపల్లి, కూనవరం, విలసవిల్లి, ఎస్.యానాం, వాసాలతిప్ప, ఏ ఊరూ వెనకబడకూడదు. ఈ కాగితం చదివాక పారేయకుండా పక్కింటివాళ్లకు ఇవ్వండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి.

కోచింగ్ అంగళ్లకు కట్టే ఫీజు ఆగాలి! బొమ్మల గంట మన బళ్లలో మోగాలి!

– ఉప్పలగుప్తం మండలంలోని తల్లిదండ్రుల తరఫున